మనసు లేనిదే కడుపు నిలుచునా?

కొన్ని యేండ్ల క్రిందట పులివెందులకు నాలుగైదు మైళ్ళ దూరమున నున్న యొక పల్లెలో పంచాయతి జరుగగా నన్ను పిలిచిరి. పెద్దమనిషినని గాదు, బడిపంతులును గనుక రాజీకాగితము తప్పులు లేకుండ వ్రాయగలనని. చీనీతోటలో కూలికి పోవు ఒక వితంతువు, ఇరువదియైదేండ్లది, గర్భవతియై యుండెను. తోటవారి బంధువు నొకనిని చూపి, ఇతడు నన్ను బలాత్కరించెనని యామె చెప్పెను. అతడు కాదనలేదు, ఔననలేదు. తల వంచుకొని కూర్చుండెను. మాటలు చాలసేపు నడచిన పిమ్మట పెద్దలలో నొకడు తువ్వాలు ఈ భుజము మీదినుండి ఆ భుజము మీదికి మార్చుకొని, “ఇష్టం లేకుండా కడుపెట్ల నిలుస్తాదప్పా? మనసు లేనిదే కాయ కాయదు” అనెను. విచారణ అంతటితో ముగిసెను. ఎవరును ఎదురాడలేదు. నేనును ఎదురాడలేదు.

చదువురాని పల్లెటూరివాని మాటయని దానిని త్రోసివేసి యుందును. కాని తరువాత కొన్ని పుస్తకములు తిరుగవేయగా, ఆ మాట పల్లెలో పుట్టినది గాదనియు, శాస్త్రములలో పుట్టి పల్లెకు దిగివచ్చినదనియు, దాని వయస్సు వేయేండ్లకు మించినదనియు తెలిసినది. దాని పుట్టుపూర్వోత్తరములను ఇచ్చట చెప్ప దలచితిని. ఇట్టి విషయము ఇల్లాండ్రును చదువు పత్రికలో ముచ్చటింప దగునా యని కొందఱు సంకోచింప వచ్చును. రచ్చబండ మీద నలుగురు మగవారు ముచ్చటించి తీర్పు చెప్పుటకు తగిన విషయము, దాని ఫల మనుభవించువారు చదువుటకు తగదనుట నాకు న్యాయముగా తోపలేదు.

కామసూత్రముల పేరు విన్నవారు వేలు. చదివినవారు వ్రేళ్ళ మీద లెక్కింప దగినవారు. క్రీస్తు తరువాత మూడవ శతాబ్ది ప్రాంతమున వాత్స్యాయనుడు సంతరించిన యా గ్రంథమున, రెండవ యధికరణము మొదటి యధ్యాయములో ఒక వాదము కలదు. స్త్రీకి పురుషునివలెనే రతియందు సుఖపరాకాష్ఠ, వారి పరిభాషలో ‘భావప్రాప్తి’, కలుగునా కలుగదా యనునది ప్రశ్న. ఔద్దాలకి కలుగదనెను. ఆమెకు గలది ఒక విధమైన దురద మాత్రమే. పురుషుడు దానిని తీర్చును. దానికి తోడు తాను ప్రేమింపబడుచున్నానను తలంపు ఒక సుఖము నిచ్చును. అంతే యని యాతని మతము. దీనిపై లేచిన శంక నేటి శాస్త్రజ్ఞునికిని పనికివచ్చునది: పురుషుని యనుభవము స్త్రీ యెఱుగదు, స్త్రీ యనుభవము పురుషు డెఱుగడు, నీ సుఖమెట్టిదని యడిగి తెలిసికొన వీలు లేదు, కావున నీకెట్లు తెలిసినది? ఔద్దాలకి సమాధానము: పురుషుడు తన పని ముగియగానే విరమించును, స్త్రీ అట్లు విరమింపదు, దీనిని బట్టి తెలిసినది.

బాభ్రవ్యుని శిష్యులు వేఱొకటి చెప్పిరి. స్త్రీకి మొదటినుండియు ఎడతెగక సుఖము కలుగుచుండును, పురుషునికి తుదియందు మాత్రమే. ఇందుకు వారు చూపిన ఋజువేమి? భావప్రాప్తి లేనిచో గర్భము కలుగదు గదా యని. మా రచ్చబండ పెద్ద పలికిన మాట అక్షరాల ఇదే! అతనికి బాభ్రవ్యుని పేరు తెలియదు. బాభ్రవ్యునికి పులివెందుల తెలియదు. మాట మాత్రము నడచి వచ్చినది.

వాత్స్యాయనుడు ఇద్దఱి మతములను విని, తన నిర్ణయమును వేఱు దారిన చేసెను. స్త్రీపురుషు లొకే జాతివారు, ఒకే ప్రయోజనమున ప్రవర్తించువారు. అట్టివారి సుఖము విలక్షణ మెట్లగును? ఉపాయములలో భేదము కలదు, తలంపులలో భేదము కలదు, ఫలమునందు భేదము లేదు. కావున స్త్రీకి ముందుగా సుఖప్రాప్తి యగునట్లు పురుషుడు నడచుకొనవలెనని విధించెను. గర్భమును సాక్ష్యముగా పిలువక, పోలికను బట్టి తేల్చినాడు. ఆతని యూహ ఎంతవరకు నిలిచినదో ముందు చూతము. ఒక్క లోపము మాత్రము ఇప్పుడే చెప్పవలెను. మువ్వురాచార్యులు వాదించిన యా ప్రకరణములో ఏ స్త్రీయు నోరు విప్పలేదు. అడుగ వీలు లేదనుకొనిరి గాని, అడిగి చూచితిమని యెవరును చెప్పలేదు.

వైద్యులు ఈ విషయమున తర్కముకంటె అనుభవము నాశ్రయించిరి. పురుషుని శుక్రము, స్త్రీ యార్తవము కలసి గర్భమగునని చరకసుశ్రుతులు చెప్పిరి. గర్భధారణకు మనఃప్రసన్నత మిక్కిలి మేలని చరకుడు ఒకచో లెక్కించెను. ఇది మంచి వైద్యుడు దంపతుల కిచ్చు మంచి సలహా. కాని సలహా చేతులు మారి నియమమైనది. నియమము మఱికొన్ని చేతులు మారి సాక్ష్యమైనది. భార్యను ప్రసన్నురాలిగా నుంచుమని భర్తకు చెప్పిన మాట, గర్భవతియైనది గనుక ప్రసన్నురాలై యుండెనని పరస్త్రీపై తీర్పు చెప్పుటకు పనికివచ్చినది.

ఇది మన దేశమున కే పరిమితమైన దోషము గాదు. గ్రీకు వైద్యులును స్త్రీకి బీజము కలదని, అది సుఖముతో గూడ వెలువడునని నమ్మిరి. రెండవ శతాబ్దివాడైన గాలెను ఆ మతమును స్థిరపఱచెను. ఆతని గ్రంథములు యూరపులో వేయేండ్లకు పైగా వైద్యులకు ప్రమాణములు. ఆశ్చర్యమేమనగా, గాలెనుకు అయిదువందల యేండ్లు ముందే అరిస్టాటిలు, సుఖము లేకయే గర్భము ధరించు స్త్రీలు కలరని వ్రాసియుండెను. స్త్రీలను పురుషులకంటె తక్కువవారినిగా నెంచిన యా పండితుడు ఈ యొక్క విషయమున సరిగా చూచెను. గాలెను స్త్రీకి ఎక్కువ గౌరవ మిచ్చి తప్పు చూచెను. శాస్త్రచరిత్రలో మంచి మనస్సును సరియైన చూపును ఎల్లప్పుడు కలసి నడువవు.

వైద్యులు వ్రాసినది న్యాయవాదులకు చేరినది. 1290 ప్రాంతమున ఇంగ్లండులో ‘బ్రిట్టను’ అను పేర వెలసిన ధర్మగ్రంథము, బలాత్కారమని ఫిర్యాదు చేసిన స్త్రీ ఆ సంగమమువలన గర్భవతియైనచో ఫిర్యాదు చెల్లదని చెప్పెను. ఇది చీకటియుగమని కొట్టివేయుటకు వీలులేదు. 1788లో సామ్యుయేలు ఫారు అను వైద్యుడు ఇంగ్లీషున వైద్యన్యాయశాస్త్రమును గూర్చి వ్రాసిన గ్రంథములో, కామోద్రేకము లేనిదే గర్భోత్పత్తి జరుగదని మరల వ్రాసెను.

అప్పటికే ఈ మాటకు ఆయువు తీరవలసి యుండెను. 1780లో ఇటలీ దేశమున స్పల్లంజానీ యను మతగురువు, ప్రకృతిశాస్త్రజ్ఞుడు, ఒక ఆడుకుక్కను గదిలో బంధించి, మగకుక్క సాంగత్యము లేకుండ, శుక్రమును చిన్న పిచికారితో గర్భాశయములోనికి పంపెను. అఱువదిరెండు దినములకు అది మూడు పిల్లలను కనెను. ఆ కుక్కకు అనురాగము లేదు, ఉద్రేకము లేదు, పిచికారి మాత్రమున్నది. 1827లో జర్మను శాస్త్రజ్ఞుడు బేరు, స్తన్యజంతువుల అండమును సూక్ష్మదర్శినితో కనుగొనెను. స్త్రీలో అండము తనంతట ఎదిగి, నెలకొకమాఱు తనంతట విడుదలయగును. ఆ విడుదలకు ఆమె సుఖముతో గాని దుఃఖముతో గాని సంబంధము లేదు. 1920 దశకములో జపానున ఒగినో, ఆస్ట్రియాలో క్నౌసు అను వైద్యులు వేఱువేఱుగా పరిశోధించి, అండము విడుదలయగుట తరువాతి ముట్టునకు సుమారు పదునాలుగు దినములు ముందని తేల్చిరి. ఆ సమయమునకు దగ్గఱగా శుక్రకణము తటస్థించెనా, గర్భము నిలువవచ్చును. ప్రియుని దైనను, పరాయివాని దైనను, శత్రువు దైనను.

ఇచ్చట మనవారికి ఒక మాట దక్కవలెను. ముట్టునుండి పదునాఱు రాత్రులు ఋతుకాలమనియు, అందు మొదటి నాలుగు వర్జ్యములనియు మన స్మృతులు చెప్పినవి. ఇరువదియెనిమిది దినముల ఋతుచక్రము గల స్త్రీకి గర్భయోగ్యములైన దినములు ఆ మిగిలిన పండ్రెండింటిలోనే పడును. సూక్ష్మదర్శిని లేని కాలమున ఇది మంచి పరిశీలనయే. కాని దాని వెంటనే, సరిరాత్రులలో కొడుకు, బేసిరాత్రులలో కూతురు అను మాట గూడ వ్రాసిరి. బిడ్డ ఆడయో మగయో తండ్రి శుక్రకణమే నిర్ణయించునని 1905నుండి తెలిసినను, కూతుళ్ళను కన్న కోడలికి తిట్లు తప్పలేదు. ఒకే పుటలో చూచినది, ఊహించినది ప్రక్కప్రక్కనే యుండును. రెండింటికిని ఒకే ఛందస్సు, ఒకే ప్రామాణ్యము. మన చిక్కంతయు ఇదియే.

ఇంత జరిగిన తరువాత ఆ మాట చచ్చినదా? 2012 ఆగస్టులో అమెరికా దేశపు మిస్సోరి రాష్ట్రమున సెనేటు స్థానమునకు పోటీ చేయుచుండిన టాడ్ ఏకిన్ అను శాసనసభ్యుడు, నిజమైన బలాత్కారమైనచో గర్భము రాకుండ స్త్రీ శరీరమే చూచుకొనునని టెలివిజనులో చెప్పెను. ఆ నవంబరులో అతడు ఓడిపోయెను. మా పల్లెటూరి పెద్దకు ఆ యెన్నికల కథ చెప్పి యుండవలసినది.

ఇప్పుడు రెండవ పురాణమునకు వత్తము. ఇది మొదటిదానికి సవతితల్లి వంటిది. స్త్రీకి ఆకలి పురుషునికంటె రెట్టింపు, బుద్ధి నాలుగింతలు, సాహస మాఱింతలు, కామ మెనిమిదింతలు అను నీతివాక్యమును మా చిన్ననాట సంస్కృతపాఠములలో వల్లెవేసితిమి. ఎవరు కొలిచిరని మాలో నొక్కడును అడుగలేదు. భారతము అనుశాసనికపర్వమున భంగాస్వనుడను రాజు ఇంద్రుని కోపముచేత కొలనులో మునిగి స్త్రీయై, తుదకు మరల పురుషత్వ మిత్తునన్నను వలదని, స్త్రీకే సుఖ మధికమని చెప్పెను. గ్రీకులకును సరిగా ఇట్టి కథయే కలదు: టైరీసియసు కొంతకాలము స్త్రీయై బ్రతికి, సుఖము పదిపాళ్ళైన తొమ్మిది స్త్రీవే యని దేవతలకు సాక్ష్యము చెప్పెను. రెండు కథలలోను స్త్రీ సుఖమును గూర్చి సాక్ష్యము చెప్పినవాడు ఒకప్పటి పురుషుడే యగుట గమనింపుడు. పుట్టుకతో స్త్రీయైనదానిని సాక్షిగా పిలుచుట కవులకును తోపలేదు.

కొలతలు లేని యీ యెనిమిదింతల లెక్కకు ఫలము, ఆడుదానిని గడపలోపల కాపలా పెట్టుట. పందొమ్మిదవ శతాబ్దిలో గాలి ఎదురు తిరిగెను. 1857లో లండను వైద్యుడు విలియం ఆక్టను, స్త్రీలలో ఎక్కువమందికి కామముచేత ఏ బాధయు లేదని, అది యదృష్టమని వ్రాసెను. ఎనిమిదింతలు ఒక్కసారిగా సున్న యైనది! కులస్త్రీకి కోరిక యుండదు. కోరిక గలది కులస్త్రీ కాదు. ఈ సిద్ధాంతము ఇంగ్లీషుచదువుతో గూడ మద్రాసు రాజధానిలో దిగి, మన సంస్కర్తల మనస్సులలో గూడ చోటు సంపాదించెను. ఇందుకు నిదర్శనము తెలుగు సాహిత్యమున జరిగిన ముద్దుపళని వివాదము.

ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున నుండిన కవయిత్రి. దేవదాసీ కులమున పుట్టినది. ఆమె రచించిన ‘రాధికాసాంత్వనము’ నాలుగాశ్వాసముల శృంగారప్రబంధము. రాధ తాను పెంచిన ఇళ యను కన్యను కృష్ణునికిచ్చి పెండ్లి చేయించును. తొలిరేయి ఎట్లు మెలగవలెనో ఇళకు చెప్పును. కన్నెపిల్లయని మఱువక మెత్తగా నడచుకొనుమని కృష్ణునికి చెప్పును. తరువాత తానే యీర్ష్యతో కుమిలి యలుగగా, కృష్ణుడు వచ్చి సాంత్వనము చేయును. కథ ఇంతియే. దీనిలోని విశేషము, కోరిక తీరుటయు తీరకుండుటయు స్త్రీ నోట వచ్చుట. వాత్స్యాయనుని సభలో కనబడని సాక్షి ఇచ్చట మాటలాడినది. ఇది కావ్యము, శారీరశాస్త్రము గాదు. అయినను స్త్రీ సుఖము స్త్రీ చెప్పగా వినుటకు తెలుగువారికి దొరకిన అరుదైన యవకాశములలో నొకటి.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ముద్దుపళని పాండిత్యమును ఒప్పుకొనుచునే, ఆమె కావ్యములో కొన్ని భాగములు స్త్రీలు వినుటకే తగనివని, అట్టివి ఒక స్త్రీ నోట రా దగునా యని నిందించిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన మహనీయుడు ఈ మాట యనెను. నావంటివారు నేడు వితంతువుల పక్షమున నోరెత్తుటకు ఆయనయే దారి వేసెను. ఆయన ఋణము నేను మఱువను. కాని వితంతువునకు వివాహము కావలెనని వాదించిన కలము, ఆమెకు కోరిక యుండుటను కావ్యములో నైనను చూడజాలకపోయెను. వివాహము రక్షణ కొఱకు, సంతానము కొఱకు, సంఘశుద్ధి కొఱకు అని ఆ తరమువారు వాదించిరి. అట్లు వాదించుటకు వారికి కారణములు కలవు. ప్రతిపక్షులు వితంతువులకు వేశ్యాత్వ మంటగట్టుటకు సిద్ధముగ నుండిరి. ఆ తొందరలో స్త్రీ సుఖము ప్రసక్తియే సంస్కరణ పత్రములలోనుండి జారిపోయెను.

బెంగుళూరు నాగరత్నమ్మ, తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన గాయనీమణి, ఈ కావ్యము 1887లో అచ్చయిన ప్రతిలో కవయిత్రి వంశక్రమము చెప్పు పద్యములు కొన్ని తొలగింపబడినట్లు కనుగొని, వ్రాతప్రతి సంపాదించి పరిష్కరించెను. 1910లో వావిళ్ళవారు దానిని ప్రకటించిరి. పీఠికలో ఆమె పంతులుగారికి జవాబు చెప్పెను: సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు లేదా? పంతులుగారే చూచి సమ్మతించిన ‘వైజయంతీవిలాసము’లోని వర్ణనలకంటె ఇందలివి మించినవా? నా యెఱుకలో ఈ ప్రశ్నకు సరియైన జవాబు ఎవరును చెప్పలేదు. జవాబునకు బదులు పోలీసులు వచ్చిరి. 1911లో మద్రాసు ప్రభుత్వము పుస్తకమును అసభ్యమని నిషేధించి ప్రతులను పట్టుకొనెను. పండితులు విన్నపములు పంపినను లాభము లేకపోయెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1946–47లో రాజధానికి ముఖ్యమంత్రిగా నుండి నిషేధము తొలగింపించిరి. 1952లో పుస్తకము మరల అచ్చయ్యెను. నాగరత్నమ్మ పరమపదించినదియు ఆ 1952లోనే.

నిషేధము స్త్రీ వ్రాసిన కావ్యమునకే గాని, పురుషులు పురుషులకై వ్రాసిన కొక్కోకమునకు లేదు. కూచిరాజు ఎఱ్ఱన తెనిగించిన ఆ గ్రంథమునుండి దిగజారిన చిన్నపొత్తములు నేటికిని జాతరలలో దొరకును. శ్రావణ శనివారమున గండి వీరాంజనేయస్వామి దర్శనమునకు పోయి, పాపాఘ్ని యొడ్డున అంగళ్ళలో ఒకటి కొని చదివితిని. శుక్లపక్షమున ఒక్కొక్క తిథికి స్త్రీ శరీరమున ఒక్కొక్క స్థానమున కామకళ యుండి కాలివ్రేలినుండి మీదికెక్కునని, కృష్ణపక్షమున దిగునని చెప్పు పట్టిక యందు గలదు. చంద్రునికిని స్త్రీ నరములకును అట్టి ఒప్పందమున్నదని ఏ పరీక్షయు చూపలేదు. పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అను నాలుగు జాతులును అట్టివే. ఆ పొత్తమును చూచి నవ్వు విద్యావంతులు, తమ పిల్లల జాతకములు పొంతన చూపించునపుడు, ముప్పదియాఱు గుణములలో నాలుగు యోనికూటమునకే పోవునని, అశ్విని నక్షత్రమున పుట్టిన పిల్లను గుఱ్ఱమని, భరణిలో పుట్టిన పిల్లను ఏనుగని లెక్కించుచున్నారని ఎఱుగరు.

శాస్త్రము వంతున శాస్త్రజ్ఞులును తక్కువ కల్పనలు చేయలేదు. స్త్రీ సుఖమునకు ముఖ్యస్థానమైన భగాంకురమును 1559లో ఇటలీ శారీరకుడు కొలంబో, తానే కనుగొన్నట్లు వ్రాసికొనెను! 1844లో జర్మనీలో కోబెల్టు దాని లోపలి భాగములను సవిస్తరముగా చిత్రించెను. తరువాతి పాఠ్యగ్రంథములు ఆ చిత్రములను చాలవఱకు మఱచిపోయెను. 1905లో వియన్నా నగరపు ఫ్రాయిడు, ఎదిగిన స్త్రీకి సుఖము భగాంకురమును విడిచి యోనికి మారవలెననియు, మారనిచో ఎదుగుదల లోపమనియు సిద్ధాంతీకరించెను. దీనికాతడు ఒక్క పరీక్షయైనను చేయలేదు. తమయందు ఏ లోపమును లేని స్త్రీలు ఎందఱో అర్ధశతాబ్దికాలము తమకు జబ్బని నమ్మి వైద్యుల చుట్టు తిరిగిరి.

అడుగ వీలు లేదన్న సూత్రకారుల మాటను కాదని, అడిగి చూచినవాడు అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు కిన్సీ. 5,940 మంది స్త్రీల యనుభవములను ముఖాముఖిగా అడిగి 1953లో ప్రకటించెను. ఆతడు అడిగినవారు అమెరికా శ్వేతజాతివారే. ఎన్నుకొన్న తీరును గూర్చి ఆక్షేపణలు వచ్చినవి. అయినను ఒక సంగతి నిలిచినది: స్త్రీలు చెప్పగలరు, అడిగిన చెప్పుదురు, ఒకరు చెప్పినది వేఱొకరు చెప్పినట్లుండదు. 1966లో మాస్టర్సు, జాన్సను అను వైద్యుడును ఆయన సహచరిణియు 382 మంది స్త్రీలను, 312 మంది పురుషులను ప్రయోగశాలలో పరిశీలించి, సుఖపరాకాష్ఠలో కండరముల సంకోచములు ఇద్దఱిలోను సుమారు సెకనులో పదింట యెనిమిది వంతుల కొకటి చొప్పున మొదలగునని, ఫ్రాయిడు చెప్పిన రెండు విధముల సుఖము శరీరమున కనబడదని తేల్చిరి. పిండదశలో మొదటి వారములలో ఆడుమగ భేదము బయటి యంగములలో కానరాదు. ఒకే మొగ్గ మగపిండమున శిశ్నముగను, ఆడుపిండమున భగాంకురముగను ఎదుగును. ఒకే జాతి, ఒకే ఫలము, ఉపాయములలో భేదము అన్న వాత్స్యాయనుని మాట ఇంతవఱకు నెగ్గినది. విరమణవిషయమున ఔద్దాలకి గమనించినదియు వట్టిది గాదు. పురుషునివలె స్త్రీకి తప్పనిసరి విరామము లేదు. గమనిక సరియే, దానినుండి తీసిన నిర్ణయము తప్పు.

1998లో ఆస్ట్రేలియా శస్త్రవైద్యురాలు హెలెన్ ఓకానెల్, మృతదేహములను పరీక్షించి, భగాంకురములో బయటికి కనబడునది కొనమాత్రమే యనియు, లోపల అది పాఠ్యగ్రంథములు చూపినదానికంటె చాల పెద్దదనియు చూపెను. చంద్రుని మీద మనుష్యుడు కాలు మోపిన ఇరువదితొమ్మిదేండ్లకు! దానిలో ఎనిమిదివేల నరపుపోగులున్నవని చిరకాలము పుస్తకము చూచి పుస్తకము వ్రాసిరి. ఆ లెక్కకు మూలము పశువులపై జరిగిన పరిశీలన యని తరువాత తెలిసినది. 2022లో మనుష్యశరీరమునుండియే తీసిన కణజాలమును లెక్కింపగా పదివేలు దాటినవి.

నా రచ్చబండ సంగతికి అన్నింటికంటె దగ్గఱదైన పరిశోధన 2010లో వెలువడినది. శరీరము చూపు స్పందనమునకును, మనస్సు కోరుచున్నదని ఆ వ్యక్తి చెప్పుదానికిని ఎంత పొత్తు గలదో, 132 పరిశోధనలను కలిపి మెరెడిత్ చివర్సును ఆమె సహచరులును లెక్కించిరి. పూర్తి పొత్తు 1 అనుకొన్నచో పురుషులలో అది 0.66, స్త్రీలలో 0.26 మాత్రమే. అనగా స్త్రీ శరీరము మనస్సు నడుగకయే స్పందింప వచ్చును, మనస్సు కోరినను స్పందింపక యుండవచ్చును. గర్భము సమ్మతికి సాక్ష్యము గాదు సరే. శరీరపు స్పందనము గూడ సాక్ష్యము గాదు. మిగిలిన సాక్షి ఆమె నోరొక్కటే.

మన న్యాయస్థానములు ఇచ్చటికి మెల్లగా వచ్చినవి. బలాత్కృతయైన స్త్రీని వైద్యుడు రెండు వ్రేళ్ళతో పరీక్షించి, ఈమె సంగమమున కలవాటుపడినది అని వ్రాయుటయు, దానిని బట్టి ఆమె సమ్మతించెనని వాదించుటయు ఎన్నో యేండ్లు నడచినవి. ఆ పరీక్ష స్త్రీ గౌరవమునకు భంగకరమని 2013 ఏప్రిలులో సుప్రీంకోర్టు చెప్పెను. అప్పటికిని మానలేదు గనుక 2022 అక్టోబరు 31న, దానికి శాస్త్రాధారము లేదని, చేసినవారిని దోషులుగా నెంచవలెనని మరల చెప్పవలసివచ్చెను.

ఆనాటి పంచాయతి ముగిసిన తరువాత నేను నడచి రోడ్డుకు వచ్చుచుండగా, ఆ యూరి ముసలి మంత్రసాని నాతో కొంతదూరము వచ్చినది. రచ్చబండకు దూరముగా వేపచెట్టు మొదట కూర్చుండి యంతయు విన్నదట. “అయ్యవారూ, నేను ఈ చేతులతో మూడు తరాల కాన్పులు చేసినా. మనసుంటేనే కడుపు నిలిచేటట్లయితే ఈ ఊర్లో సగం పిల్లకాయలు పుట్టేవాళ్ళే కాదు” అనెను. అక్కడ ఎందుకు చెప్పలేదవ్వా యని యడిగితిని. “నన్నెవరడిగినారు సామీ?” అనెను.

కాగితము అప్పటికే వ్రాసియిచ్చితిని. ఆ వితంతువు వ్రేలిముద్ర వేసినది. దాని నకలు ఇప్పటికిని నా పెట్టెలో నున్నది. రెండవ పంక్తిలో ‘ఉభయుల సమ్మతితో జరిగిన విషయమై’ అను మాటలు నా దస్తూరియే.